ఒపెరా గాయకుల శిక్షణ

ఒపెరా అంటే వాద్యబృందం తోడుగా, మాటల స్థానంలో పాటతో నడిచే రంగస్థల నాటకం. 16వ శతాబ్దం చివర ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టింది. టికెట్టు కొన్నవారందరికీ తలుపులు తెరిచిన మొదటి ఒపెరా శాల, సాన్ కసియానో, 1637లో వెనిస్‌లో వెలిసింది. అప్పటికీ ఇప్పటికీ సంప్రదాయ ఒపెరా శాలల్లో గాయకుల ముందు మైకు ఉండదు. మిలాన్‌లోని లా స్కాలాలో సుమారు 2,000 మంది కూర్చుంటారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరాలో 3,800 మంది దాకా కూర్చుంటారు. వారికీ వేదికకూ నడుమ పల్లపు గుంటలో 60 నుంచి 100 మంది వాద్యకారులు ఉంటారు. ఆ ధ్వనినంతా దాటుకుని, చిట్టచివరి వరసలో ఉన్న మనిషికి కూడా పాట అందేలా, రెండు మూడు గంటలు నటిస్తూ పాడగలగాలి. ఒపెరా గాయకుల చదువంతా ఈ ఒక్క అవసరం చుట్టూ అల్లుకున్నదే.

దూరం నుంచి చూసేవారికి ఇది గొంతు పెంచే విద్యలా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే ఇందులో సగం గొంతును ఆపుకోవడమేనని తెలుస్తుంది. ఇటలీ సొప్రానో (ఆడవారిలో పైస్థాయి గొంతు) మిరెల్లా ఫ్రేని (1935–2020) పన్నెండేళ్ళ వయసులో ఒక రేడియో పోటీలో, పుచ్చీని రాసిన ‘మదామా బటర్‌ఫ్లై’లోని ప్రసిద్ధమైన పాట పాడింది. పెద్దవాళ్ళ గొంతుకే బరువైన పాట అది. అప్పటి ప్రఖ్యాత టెనర్ (మగవారిలో పైస్థాయి గొంతు) బెన్యమీనో జీలి ఆ పిల్లను మెచ్చుకుని ఊరుకోలేదు. ఇంకొన్నేళ్ళు పాడటం మానకపోతే గొంతు పాడవుతుందని హెచ్చరించాడు. ఆమె మానేసింది. 17 ఏళ్ళకు మళ్ళీ మొదలుపెట్టింది. 1955లో తన ఊరు మోడెనాలో వేదికెక్కి, 2005 దాకా అర్ధశతాబ్దం పాడింది. కింద చెప్పబోయే పద్ధతులు చాలావాటి వెనక ఆ హెచ్చరికే ఉంది.

మైకు లేని గొంతు ఎలా వినపడుతుంది

స్వరపేటికలోని రెండు స్వరతంత్రులు మెత్తని మడతలు. ఆడవారిలో ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు, మగవారిలో దాదాపు రెండు సెంటీమీటర్ల పొడవుంటాయి. ఊపిరి తగిలినప్పుడు కలుసుకుంటూ, విడిపోతూ కంపిస్తాయి. టెనర్ గాయకుడు ‘హై సి’ పాడేటప్పుడు అవి సెకనుకు 520 సార్లకు పైగా, సొప్రానో తన ‘హై సి’ పాడేటప్పుడు 1,040 సార్లకు పైగా కంపిస్తాయి. మోట్సార్ట్ 1791లో రాసిన ‘మాయావేణువు’లో రాత్రిరాణి పాత్ర అందుకోవలసిన పైస్వరం దగ్గర ఈ లెక్క దాదాపు 1,400.

ఇంత చిన్న అవయవం నిండు ఆర్కెస్ట్రాను బలంతో గెలవలేదు. ఉపాయంతో గెలుస్తుంది. గురువులు చెవితో కనిపెట్టి తరతరాలుగా నేర్పుతున్న ఆ ఉపాయాన్ని స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుంద్‌బెర్గ్ 1970ల్లో స్టాక్‌హోమ్‌లో కొలిచి చూపించాడు. వాద్యబృందం ధ్వనిశక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల గుమికూడుతుంది. అక్కణ్ణుంచి పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. శిక్షణ పొందిన గాయకుడు స్వరపేటికను కాస్త కిందికి దించి, గొంతు వెనక భాగాన్ని విశాలం చేసినప్పుడు 3,000 హెర్ట్జ్‌ల ప్రాంతంలో అతని గొంతుకు అనునాదం పోగవుతుంది. వాద్యాలు పలచబడే చోటూ అదే, మనిషి చెవి చురుగ్గా ఉండే చోటూ అదే. ఈ పోగునే ‘గాయక ఫార్మాంట్’ అంటారు. గాయకుడు అరవడు, అయినా ఆర్కెస్ట్రా మీద నూనెచుక్కలా అతని గొంతు తేలుతుంది. సొప్రానోలది పైస్థాయిలో వేరే దారి. పాడే స్వరానికి తగ్గట్టు దవడను దించి, నోటి ఆకారం మార్చి, అనునాదాన్ని స్వరంతో కలుపుతారు. బాగా పైస్వరాల్లో వారి పాటలో మాట స్పష్టంగా తెలియకపోవడానికి కారణం ఇదే. గాయని ఉచ్చారణను తప్పుపట్టాల్సిన పని లేదు.

మైకులు రాకముందు మన ఊళ్ళలో ఆడిన పద్యనాటకాల సంగతి తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. హార్మోనియం శ్రుతి మీద రాగం తీసి, మైదానం అంచున కూర్చున్నవారికి కూడా పద్యం అక్షరం పోకుండా వినిపించిన నటుల గొంతులను ఎవరైనా ఈ దృష్టితో పరిశీలిస్తే మంచి పరిశోధన అవుతుంది.

శరణాలయాలు, గురువులు

ఐరోపాలో సంగీత కళాశాలను ‘కన్సర్వేటరీ’ అంటారు. ఆ మాట పుట్టుకలో సంగీతం లేదు. ఇటాలియన్‌లో ‘కన్సెర్వాతోరియో’ అంటే దిక్కులేని పిల్లలను కాపాడే చోటు. 16వ శతాబ్దంలో నేపుల్స్‌లో ఏర్పడిన నాలుగు శరణాలయాలు పిల్లలకు బతుకుతెరువుగా సంగీతం నేర్పుతూ, 18వ శతాబ్దానికి ఐరోపా అంతటికీ గాయకులనూ స్వరకర్తలనూ పంపే స్థాయికి ఎదిగాయి.

రోమ్‌లోని 17వ శతాబ్దపు గానపాఠశాల ఒకదాని దినచర్యను బొంతెంపి అనే స్వరకర్త 1695లో తన సంగీత చరిత్ర గ్రంథంలో రాసిపెట్టాడు. కష్టమైన స్వరసంచారాలకు కొంతసేపు, కంపిత స్వరాలకు కొంతసేపు, సాహిత్య పఠనానికి కొంతసేపు కేటాయించేవారు. ఆపైన గురువు సమక్షంలో, అద్దం ముందు నిలబడి పాడాలి. నుదురు ముడిపడకూడదు, పెదవి వంకర పోకూడదు. అప్పుడప్పుడు పిల్లలను ఊరి ద్వారం దాటించి, ప్రతిధ్వని వచ్చే కొండ దగ్గరికి తీసుకుపోయేవారు. అక్కడ పాడి, తిరిగి వచ్చిన తమ గొంతును తామే విని, తప్పులు తామే పట్టుకోవాలి. ధ్వని ముద్రణ యంత్రం పుట్టడానికి రెండు శతాబ్దాల ముందు గాయకుడికి తన గొంతు బయటివారికి ఎలా వినపడుతుందో తెలుసుకునే దారి అదొక్కటే. మన దగ్గర పీకలోతు నీళ్ళలో నిలబడి తెల్లవారుజామున సాధకం చేసిన విద్వాంసుల గురించి చెప్పుకున్నట్టే, అక్కడ ఈ కొండ గురించి చెప్పుకుంటారు.

నేపుల్స్ గురువుల్లో నికోలా పోర్పోరా (1686–1768) పేరు అందరికంటే పైన ఉంటుంది. ఫరినెల్లి, కఫ్ఫరెల్లి ఆయన శిష్యులు. కఫ్ఫరెల్లి చేత ఒకే ఒక్క కాగితం మీద రాసిన అభ్యాసాలను ఐదారేళ్ళు పాడించి, ఆ తర్వాత నేర్పడానికి ఇంకేమీ లేదని పంపేశాడని ఒక కథ ఉంది. అక్షరాలా నిజమని నమ్మనక్కర్లేదు. అయితే సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు ఏళ్ళ తరబడి పాడి, ఆ తర్వాతే గీతం అందుకున్న మన విద్యార్థికి అందులోని సత్యం తెలుస్తుంది.

ఈ ఘనత కింద ఒక క్రూరత్వం ఉంది. ఫరినెల్లి, కఫ్ఫరెల్లి ఇద్దరూ ‘కస్త్రాతి’ గాయకులు. గొంతు పగలకుండా ఉండాలని యుక్తవయసు రాకముందే వృషణాలు తొలగించిన మగపిల్లలు వారు. పేద కుటుంబాల పిల్లలు ఎందరో ఈ కత్తికి లోనయ్యారు. అందులో కీర్తి దక్కినది కొందరికే. 1903లో పోప్ పదవ పయస్ ఇచ్చిన ఆదేశంతో చర్చి గానబృందాల్లో వీరి కాలం ముగిసింది. చివరివాడైన అలెస్సాండ్రో మోరెస్కి గొంతు 1902, 1904 సంవత్సరాల్లో చేసిన రికార్డుల్లో మిగిలింది. ఆ రికార్డులు వింటుంటే పాట కంటే ముందు ఆ బాలుడు గుర్తుకొస్తాడు.

19వ శతాబ్దంలో గానవిద్యకు శాస్త్రదృష్టి తెచ్చినవాడు మాన్యుయెల్ గార్సియా (1805–1906). గాయకుల కుటుంబం, మరియా మలిబ్రాన్, పొలీన్ వియార్దో ఆయన చెల్లెళ్ళు. 1854లో ఆయన పంటి వైద్యుల చిన్న అద్దాన్ని నోటిలో పెట్టి, చేతి అద్దంతో సూర్యకాంతిని దాని మీదికి మళ్ళించి, పాడుతున్న తన స్వరతంత్రులను తానే చూశాడు. మరుసటి ఏడు లండన్ రాయల్ సొసైటీకి ఆ వివరాలు నివేదించాడు. గొంతు వైద్యశాస్త్రం ఆ అద్దంతోనే గట్టి అడుగు వేసింది.

గార్సియా గొప్పతనం నాకు అద్దంలో కంటే ఒక నిర్ణయంలో ఎక్కువగా కనిపిస్తుంది. 1841లో యెన్నీ లిండ్ అనే 20 ఏళ్ళ స్వీడన్ గాయని ఆయనను వెతుక్కుంటూ పారిస్ వచ్చింది. చిన్ననాటి నుంచి వేదికల మీద విశ్రాంతి లేకుండా పాడి ఆమె గొంతు అలిసిపోయింది. ఆయన పాఠం మొదలుపెట్టలేదు. కొన్ని వారాలు పాడొద్దన్నాడు, మాట్లాడటం కూడా తగ్గించమన్నాడు. ఆ మౌనం తర్వాతే శిష్యురాలిగా తీసుకున్నాడు. ‘స్వీడిష్ నైటింగేల్’గా ఐరోపా, అమెరికాలు నెత్తిన పెట్టుకున్న గొంతు అలా దక్కింది. గార్సియా దగ్గర నేర్చుకున్న మరో శిష్యురాలు మథిల్డ్ మార్కేసి పారిస్‌లో గురువై ఆస్ట్రేలియా సొప్రానో నెల్లీ మెల్బాను తీర్చిదిద్దింది. ఒపెరాలోనూ విద్వాంసుల చరిత్ర రాయాలంటే గురుపరంపర చెప్పక తప్పదు.

ఊపిరి, అచ్చులు, మలుపు

నేటి విద్యార్థి కూడా ఊపిరితోనే మొదలుపెడతాడు. ఇటాలియన్ గురువులు ‘అప్పోజియో’ అంటారు. ఆనుకోవడం అని అర్థం. ఊపిరి పీల్చగానే రొమ్ము ఎత్తుగా, పక్కటెముకలు వెడల్పుగా తెరుచుకుంటాయి. మామూలుగా ఊపిరి వదిలితే అవి వెంటనే కుంగిపోతాయి. గాయకుడు వాటిని కుంగనివ్వడు. పొట్ట కండరాలు, నడుము కండరాలు, ఊపిరితిత్తుల కింది ఉదరవితానం ఒకదాన్నొకటి నిలవరిస్తుండగా గాలి సన్నని ధారగా బయటికి వస్తుంది. వెలుగుతున్న కొవ్వొత్తి ముందు పాడి, మంట ఊగకుండా చూసుకోమని పాత గురువులు చెప్పింది దీని కోసమే. చెప్పుకోవడానికి నాలుగు వాక్యాలు పట్టిన ఈ సంగతి ఒంటికి పట్టడానికి ఏళ్ళు పడుతుంది. లూచానో పావరొట్టి (1935–2007) అప్పటికే పేరున్న గాయకుడు. 1965లో సొప్రానో జోన్ సదర్లాండ్‌తో కలిసి ఆస్ట్రేలియా పర్యటనకు వెళ్ళినప్పుడు, ఆమె పాడుతుంటే పక్కటెముకల దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఊపిరి ఆనడం మళ్ళీ నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు.

తర్వాత అచ్చులు. మన అకార సాధకం లాగే అక్కడా ‘ఆ’, ‘ఏ’, ‘ఈ’, ‘ఓ’, ‘ఊ’ల మీద స్వరాలు ఎక్కుతూ దిగుతూ పాడిస్తారు. అచ్చు మారినా గొంతు రంగు మారకూడదు. ఇటాలియన్ పదాలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ‘అమ్మ’, ‘అక్క’లో లాగా హల్లును ఒత్తి పలకడం ఆ భాషలోనూ ఉంది. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారు ఈ రెండింటి కోసం నెలలు కష్టపడతారు. తెలుగు నాలుకకు రెండూ పుట్టుకతో వచ్చినవే. ఒపెరా నేర్చుకోవాలనుకునే తెలుగు పిల్లలకు ఇది చిన్న వరం కాదు.

మూడోది, అందరినీ భయపెట్టేది, ‘పస్సాజియో’. కింది స్థాయిలో ఛాతీలో మోగే గొంతు, పై స్థాయిలో తలలో మోగే గొంతుగా మారే మలుపు అది. శిక్షణ లేని గొంతు అక్కడ పగులుతుంది, లేదా బిగుసుకుంటుంది. ఆ అతుకు వినపడకుండా చేయడమే గానవిద్యలో పెద్ద భాగం. 19వ శతాబ్దం మొదట్లో టెనర్లు పైస్వరాలను మెత్తని తలగొంతుతోనే పాడేవారు. 1837లో పారిస్ ఒపెరాలో, రోస్సీని ‘గియోమ్ టెల్’లో జిల్బేర్ దూప్రే ‘హై సి’ని నిండు ఛాతీ బలంతో పలికించాడు. జనం ఊగిపోయారు. అప్పటిదాకా ఆ వేదికను ఏలిన అదోల్ఫ్ నూరీ పారిస్ వదిలి, కొత్త పద్ధతి నేర్చుకోవడానికి ఇటలీ వెళ్ళాడు. తన పాత గొంతులోని సొగసు పోయింది, కొత్త బలం అనుకున్నట్టు రాలేదు. 1839లో నేపుల్స్‌లో ప్రాణం తీసుకున్నాడు. ఒక స్వరం పాడే తీరు మారితే ఒక తరం గాయకులకు ఏమవుతుందో ఆ మరణం చెబుతుంది. ఈనాటి టెనర్లందరూ దూప్రే దారిలోనే నడుస్తున్నారు.

ఒకే స్వరాన్ని గాలి కదలికంత సన్నగా మొదలుపెట్టి, నిండుగా పెంచి, మళ్ళీ సన్నగా ముగించే అభ్యాసాన్ని ‘మెస్సా ది వోచే’ అంటారు. చెవికి తేలిక, గొంతుకు ఇంతకు మించిన పరీక్ష లేదు.

గొంతుకు తగిన పాత్ర

మన గాయకుడు తన కట్టె శ్రుతి తాను ఎంచుకుంటాడు. ఒకరు ఒకటో శ్రుతిలో, ఇంకొకరు ఐదో శ్రుతిలో అదే కీర్తన పాడతారు. ఒపెరాలో సాధారణంగా ఆ వెసులుబాటు లేదు. స్వరకర్త రాసిన స్థాయిలోనే పాడాలి, ఆర్కెస్ట్రా ఆ స్థాయిలోనే వాయిస్తుంది. కాబట్టి పాటను గొంతుకు తగ్గించుకోవడం కుదరదు. గొంతుకు తగిన పాత్రను వెతుక్కోవాలి. ఆడవారిలో సొప్రానో, మెజో సొప్రానో, కాంట్రాల్టో, మగవారిలో టెనర్, బారిటోన్, బాస్ అనేవి పెద్ద విభాగాలు. తలగొంతుతో ఆడస్థాయిలో పాడే మగవారు కౌంటర్ టెనర్లు. జర్మనీ శాలలు వీటిని ఇంకా సన్నగా విడదీసి ‘ఫాఖ్’ అనే పద్ధతి ఏర్పరిచాయి. ఒకే సొప్రానోలో తేలికగా పరుగులు తీసే కొలొరతురా, మృదువైన లిరిక్, ఉక్కులాంటి డ్రమాటిక్ అనే భేదాలుంటాయి.

గాయకుల జీవితాలు నిలిచేదీ కూలేదీ ఇక్కడే. వాగ్నర్ రాసిన పాత్రలు 30 ఏళ్ళ లోపు గొంతుకు పనికిరావని గురువులు చెబుతారు. ‘ట్రిస్టన్, ఇజోల్డె’ వియన్నాలో 70కి పైగా రిహార్సళ్ళ తర్వాత కూడా పాడటం అసాధ్యమని ఆగిపోయింది. 1865లో మ్యూనిక్‌లో మొదటిసారి ట్రిస్టన్ పాత్ర పోషించిన లుడ్విగ్ ష్నోర్ కొద్ది వారాలకే 29 ఏళ్ళ వయసులో జబ్బుచేసి చనిపోయాడు. మరణానికి పాత్ర కారణమని వైద్యం చెప్పకపోయినా, ఆ భయం ఆ పాత్రను అంటుకునే ఉంది. దీనికి ఎదురుగా స్పెయిన్ టెనర్ అల్ఫ్రెడో క్రౌస్ (1927–1999) ఉన్నాడు. 1956లో రంగప్రవేశం చేసినప్పటి నుంచి తన తేలికైన గొంతుకు సరిపడే పాత్రలకే కట్టుబడ్డాడు. బరువైన పాత్రలతో వచ్చే డబ్బునూ చప్పట్లనూ వదులుకున్నాడు. నాలుగు దశాబ్దాలు పాడాడు. వయసు 70కి చేరుతున్నప్పుడు కూడా పైస్వరాలు చెక్కుచెదరలేదు.

ఈ నియమాలన్నిటినీ తలకిందులు చేసిన గాయని మరియా కలాస్ (1923–1977). ఏథెన్స్‌లో ఎల్వీరా దె హిడాల్గో దగ్గర చదివేటప్పుడు తన పాఠం అయ్యాక కూడా ఇంటికి పోయేది కాదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుని మిగతా విద్యార్థుల పాఠాలన్నీ వినేది. చేతకానివాళ్ళ తప్పుల నుంచి కూడా నేర్చుకోవచ్చని ఆమె నమ్మకం. 1949 జనవరిలో వెనిస్‌లో వాగ్నర్ ‘వల్క్యూర్’లోని బరువైన బ్రున్‌హిల్డె పాత్ర పాడుతూ, కొద్ది రోజుల్లోనే బెల్లీని ‘ప్యూరిటన్లు’లోని తేలికైన, పరుగుల ఎల్వీరా పాత్ర నేర్చుకుని పాడింది. ఆ రెండూ ఒకే గొంతు పాడటం అప్పటివాళ్ళు ఊహించనిది. ఆమె గొంతు ఉచ్చదశ పదిహేనేళ్ళు కూడా నిలవలేదు. కారణాల మీద ఇంకా వాదాలు నడుస్తున్నాయి.

భాషలు, పాత్ర కట్టడం

ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ మూడూ రాకుండా వృత్తిలోకి అడుగుపెట్టడం కష్టం. రష్యన్, చెక్ భాషల ఒపెరాలు కూడా ఇప్పుడు అన్నిచోట్లా ఆడుతున్నాయి. ఉచ్చారణకు ప్రత్యేక గురువులుంటారు. కొత్త పాత్ర నేర్చుకోవడంలో పాట ముందు రాదు. మొదట సాహిత్యాన్ని పదం పదం తన భాషలోకి మార్చుకోవాలి. తర్వాత దాన్ని నాటకంలా చదవాలి, ఆపైన లయలో చదవాలి. అప్పుడు స్వరాలు. ‘రెపెటిటర్’ అనే పియానో గురువు మొత్తం ఆర్కెస్ట్రా భాగాన్ని పియానో మీద వాయిస్తూ వారాల తరబడి కూర్చోబెడతాడు. ఒపెరా లోకంలో తెర ముందుకు రాని గొప్పవాళ్ళు వీళ్ళే. రంగస్థల రిహార్సళ్ళు మరికొన్ని వారాలు సాగుతాయి. ఆ రోజుల్లో గాయకులు నిండు గొంతుతో పాడరు. సగం గొంతుతో, పైస్వరాలను ఒక స్థాయి దించి పాడి, బలం దాచుకుంటారు. దాన్ని బద్ధకం అనుకుంటే పొరపాటు; అదీ శిక్షణలో భాగమే.

నటన విషయంలో రష్యా నేర్పిన పాఠం పెద్దది. కజాన్‌లో పేదరికంలో పుట్టి, చెప్పులు కుట్టే పని నేర్చుకున్న ఫ్యోదర్ షల్యాపిన్ (1873–1938) తిఫ్లిస్ చేరినప్పుడు దిమిత్రి ఉసాతోవ్ అనే గురువు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పాడు. ఆ బాస్ గాయకుడు ‘బోరిస్ గోదునోవ్’లో రాజుగా చూపిన నటన ఒపెరా గాయకుడంటే నిలబడి పాడేవాడనే అభిప్రాయాన్ని చెరిపేసింది. నాటక శిక్షణలో యుగం మార్చిన స్తనిస్లావ్‌స్కీ 1918లో మాస్కోలో ఒపెరా స్టూడియో కూడా నడిపాడు. యవ్వనంలో తానూ గాయకుడు కావాలని పాఠాలు నేర్చుకున్నవాడే.

విద్యాలయం నుంచి వేదికకు

మామూలు క్రమం ఇలా ఉంటుంది. వయొలిన్, పియానో ఐదారేళ్ళకే మొదలవుతాయి. గానం మాత్రం 16, 17 ఏళ్ళు దాటాక, మగపిల్లల్లో గొంతు మారి స్థిరపడ్డాక. 18 ఏళ్ళకు కన్సర్వేటరీ, నాలుగేళ్ళ డిగ్రీ, ఆపైన రెండేళ్ళ పైచదువు. తర్వాత పెద్ద శాలలు నడిపే యువగాయక పథకాలు: శాన్‌ఫ్రాన్సిస్కోలో మెరోలా, న్యూయార్క్‌లో 1980లో మొదలైన మెట్రోపాలిటన్ ఒపెరా పథకం, లండన్ కోవెంట్ గార్డెన్‌లో జెట్ పార్కర్ పథకం. ఇక్కడ చిన్న పాత్రలు వేస్తూ, పెద్ద గాయకులకు ‘కవర్’గా, అంటే వారికి ఒంట్లో బాగోలేనప్పుడు వెంటనే ఎక్కగలిగేలా సిద్ధమై ఉండాలి. ఈ సిద్ధపాటు ఒక్కోసారి జీవితాన్నే మారుస్తుంది. 1963లో కోవెంట్ గార్డెన్‌లో జుసెప్పె ది స్తెఫానో పాడలేని రోజుల్లో ‘లా బోహెమ్’లో పావరొట్టి పాడాడు. ఆయన అంతర్జాతీయ ఖ్యాతికి అది పెద్ద మెట్టు.

ఆ మెట్టు వరకు పావరొట్టి ఎలా వచ్చాడన్నది చెప్పుకోదగ్గది. మోడెనాలో రొట్టెలు కాల్చే తండ్రి కొడుకు. 1954లో అర్రీగో పోలా దగ్గర మొదలుపెట్టాడు. ఆయన జపాన్ వెళ్ళాక మాంటువాలో ఎత్తోరె కంపొగల్లియాని దగ్గర కొనసాగించాడు. మధ్యలో బడిపంతులుగా పనిచేశాడు, బీమా పాలసీలు అమ్మాడు. స్వరతంత్రుల మీద కాయ కట్టింది. ఫెరారాలో ఒక కచేరీ ఘోరంగా పోయింది. ఇక మానేద్దామని తీర్మానించుకున్నాడు. విచిత్రంగా, ఆ తీర్మానంతో మనసు మీది బరువు దిగి గొంతు తెరుచుకుందని ఆయన తర్వాత చెప్పాడు. ఒక పోటీ గెలిచి, 1961 ఏప్రిల్ 29న రెజ్జో ఎమీలియాలో ‘లా బోహెమ్’తోనే తొలిసారి వేదికెక్కాడు. అంటే ఏడేళ్ళ సాధకం తర్వాత ఒక చిన్న ఊళ్ళో మొదటి పాత్ర.

పోటీలు ఇప్పుడు వృత్తికి వాకిలి. 1983లో మొదలైన కార్డిఫ్ పోటీలో 1989లో రష్యా బారిటోన్ దిమిత్రి హ్వొరొస్తోవ్‌స్కీ ప్రధాన బహుమతి, వేల్స్ గాయకుడు బ్రిన్ టెర్ఫెల్ గీతాల బహుమతి అందుకున్నారు. ఆ ఏడాది గెలిచినవాడికీ ఓడినవాడికీ సమానంగా ప్రపంచం తలుపు తీసింది. పోటీ లేని దారి జర్మనీది. అక్కడ ప్రజాధనంతో నడిచే దాదాపు 80 ఒపెరా శాలలున్నాయి. చాలావాటిలో నెలజీతం మీద గాయకుల బృందాలుంటాయి. యువగాయకుడు వారంలో రెండు మూడు భిన్నమైన పాత్రలు వేస్తూ అనుభవం గడిస్తాడు. ప్రపంచం నలుమూలల నుంచి గాయకులు జర్మనీ చేరేది ఇందుకే.

ప్రతిభా దీక్షా రెండూ ఉన్నా తలుపు తెరుచుకోని కాలం కూడా ఉంది. అమెరికా కాంట్రాల్టో మరియన్ ఆండర్సన్‌ను నల్లజాతి అమ్మాయి అన్న కారణంతో ఫిలడెల్ఫియాలో ఒక సంగీత పాఠశాల చేర్చుకోలేదు. చర్చి సమాజం పోగుచేసిన డబ్బుతో ప్రైవేటుగా నేర్చుకుంది. మెట్రోపాలిటన్ ఒపెరా వేదిక మీద పాడిన మొదటి నల్లజాతి గాయని ఆమే. 1955 జనవరి 7న. అప్పటికి ఆమెకు 57 ఏళ్ళు. ఆ గొంతు నిండు వయసులో ఆ వేదిక మీద వినే భాగ్యం ఎవరికీ దక్కలేదు.

గొంతును కాపాడుకోవడం

వయొలిన్ తీగ తెగితే మార్చుకోవచ్చు. స్వరతంత్రి గాయపడితే వృత్తే ఆగిపోతుంది. నీళ్ళు తాగడం, ఆవిరి పట్టడం, రాత్రి పొద్దుపోయి తినకపోవడం, ప్రదర్శన రోజు మాటలు తగ్గించడం వంటివి వారికి నిత్యకృత్యం. జలుబు మనకు విసుగు, వారికి జీతం నష్టం. ఫ్రెంచ్ సొప్రానో నాతలీ దెసే, మెక్సికో టెనర్ రోలాండో విల్లాజోన్ ఇద్దరూ గొంతు శస్త్రచికిత్సలు చేయించుకుని మళ్ళీ మొదటి నుంచి పాడటం నేర్చుకున్నారు. ఒకప్పుడు ఇలాంటి సంగతులు దాచేవారు. ఇప్పుడు బయటికి చెప్పడం యువగాయకులకు ఎంతో మేలు చేస్తోంది. శరీరానికి దెబ్బ తగిలినా గొంతు నిలిచిన సందర్భం కూడా ఉంది. 2009లో కోవెంట్ గార్డెన్‌లో ‘సెవిల్ క్షురకుడు’ నడుస్తుండగా వేదిక మీద పడి కాలు విరిగిన గాయని జాయిస్ డిడొనాటో ఆ రాత్రి నాటకం పూర్తి చేసి, తర్వాతి ప్రదర్శనలను చక్రాల కుర్చీలో కూర్చుని పాడింది.

భారతదేశంలో

ముంబైలో 1911లో తెరిచిన రాయల్ ఒపెరా హౌస్ చాలాకాలం సినిమా హాలుగా నడిచి, మూతపడి, 2016లో మరమ్మతులతో మళ్ళీ తెరుచుకుంది. ఆ సందర్భంగా పాడిన సొప్రానో పెట్రీషియా రొజారియో ముంబైలో పుట్టి, లండన్ గిల్డ్‌హాల్‌లో చదివింది. బ్రిటిష్ స్వరకర్త జాన్ టావెనర్ తన రచనలు ఎన్నో ఆమె గొంతు కోసమే రాశాడు. భర్త, పియానో విద్వాంసుడు మార్క్ ట్రూప్‌తో కలిసి ఆమె భారతదేశానికి వస్తూ ఇక్కడి యువగాయకులకు ఈ విద్య నేర్పుతోంది. కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలకు శ్రుతిజ్ఞానం, లయజ్ఞానం ముందే ఉంటాయి. కొత్తగా నేర్వవలసింది గొంతును విశాలంగా తెరవడం, గమకం లేని నిశ్చల స్వరాన్ని నిలబెట్టడం, ఆర్కెస్ట్రాను దాటి పంపడం.

2023 డిసెంబరులో యునెస్కో ఇటలీ ఒపెరా గానకళను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటికి మిరెల్లా ఫ్రేని లేదు. 2002లో ఆమె, ఆమె భర్త, బల్గేరియా బాస్ గాయకుడు నికొలాయ్ గ్యౌరోవ్ కలిసి మోడెనా దగ్గరి విన్యోలాలో ఒక గానపాఠశాల తెరిచారు. పన్నెండేళ్ళకు పాట ఆపమన్న మాట విని ఆగిన మనిషి, చివరి ఏళ్ళలో అక్కడ కూర్చుని తన తర్వాతి తరం గొంతులు వింటూ వచ్చింది.